చముద్రం

గంగాభవానికి పదమూడో ఏడు వచ్చేదాకా తన మాటకొక యాస ఉన్నదని తెలియదు. పూడిమడకలో అందరూ చేపను సేప అనే అంటారు. వస్తానన్నవాడు వత్తాననే అంటాడు. ఇళ్ళ ముందు ఎడతెగకుండా ఘోషించే ఆ నీటిని సంద్రం అంటారు. అందరూ ఒకేలా పలికేచోట ఎవరి పలుకూ ప్రత్యేకంగా చెవిన పడదు. తండ్రి పోతురాజు ఫైబరు పడవ మీద వేటకు వెళ్ళేవాడు. తల్లి కాసులమ్మ ఎండుచేపల గంపతో వారానికి మూడు రోజులు అనకాపల్లి మార్కెట్టుకు వెళ్ళి వచ్చేది. ఇంటి దగ్గర పిల్లను కనిపెట్టుకుని ఉండేది పోతురాజు తల్లి. ఆమె పేరు కూడా గంగాభవానే. మనవరాలికి ఆమె పేరే పెట్టారు. అత్తగారి పేరు కోడలు పలకకూడదు గనుక కాసులమ్మ కూతుర్ని ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఇంట్లో ఆమె బుజ్జి. అసలు పేరు పెట్టెలో మడతపెట్టి దాచిన పట్టుచీరలాగా బడి రిజిస్టరులో పడి ఉండేది.

ఎనిమిదో తరగతికి పిల్లను అనకాపల్లిలో హాస్టల్లో పెట్టి, అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో చేర్చారు. మొదటిరోజున కొత్తగా చేరినవాళ్ళు లేచి తమ సంగతి చెప్పాలన్నారు. ఆమె లేచి, తన పేరు చెప్పి, ఇంట్లో ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

“మా నాన సేపలేటకి ఎల్తాడు.”

తరగతి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. వేట మాటలో ఏదో తమాషా ఉందనుకున్నది. మధ్యాహ్నం అన్నాల దగ్గర పావని అనే పిల్ల ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా అనుకరించింది. బెల్లం వర్తకుడి కూతురు, చురుకైనది, చెడ్డది కాదు.

“మీ ఊళ్ళో సేపలకి సెవులుంటాయేటే?” అని అడిగింది.

అప్పుడు తెలిసింది గంగాభవానికి, నవ్వు వేట గురించి కాదని. ఆ ప్రశ్న అడిగిన పావని నోట్లోనూ ‘ఏటే’ అన్న మాట ఉన్నది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఊరు పెద్దదైతే దాని యాస యాస అనిపించుకోదు.

మనిషి బాల్యం ఏ రోజున ముగుస్తుందో చెప్పడం కష్టం. అయితే తన గొంతును ఎదుటివారి చెవులతో వినడం మొదలైన రోజున అందులో పెద్ద భాగం ముగిసిపోతుంది. ఆ రోజుకు ముందు పిల్ల మాట్లాడుతుంది. ఆ తరువాత తాను మాట్లాడటాన్ని చూస్తూ ఉంటుంది. గంగాభవాని చూడటం మొదలుపెట్టింది. చూసినదాన్ని బాగుచేయాలనుకున్నది. లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీసింది. ఎడమ పక్క సెప్పు, సూడు, సేప, సెరుకు. కుడి పక్క చెప్పు, చూడు, చేప, చెరుకు. కింద వత్తాను, సేత్తాను. వాటికెదురుగా వస్తాను, చేస్తాను. ఈ వరసలు రెండు పేజీలు నిండాక ఆమెకొక సూత్రం దొరికింది. నోట్లోకి ‘స’ వస్తే ‘చ’ చేయాలి. ‘త్త’ వస్తే ‘స్త’ చేయాలి. ఎవరూ నేర్పకుండా తానుగా కనిపెట్టిన మొదటి సూత్రం గనుక దాన్ని గట్టిగా నమ్మింది.

ఆమె రాతలో ఎప్పుడూ తప్పు ఉండేది కాదు. పుస్తకం కళ్ళెదుట ఉంటే అక్షరం దారి చూపేది. తడబాటంతా నోటిది. గబగబా మాట్లాడవలసి వచ్చినప్పుడు సూత్రం ముందు పరుగెత్తేది, తెలివి వెనక వచ్చేది.

ఆ వేసవిలో వేట నిషేధం వల్ల పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇంటికి వచ్చిన గంగాభవాని మొదటిరోజే తల్లిని సరిదిద్దింది. కాసులమ్మకు కోపం రాలేదు. మార్కెట్టులో బేరానికి వచ్చే ఉద్యోగస్తుల ఆడవాళ్ళు తన మాటకు మూతి ముడవడం ఆమె చాలాకాలంగా చూస్తున్నదే. ఇద్దరూ నీడపట్టున కూర్చుని వల చిక్కులు విప్పుకుంటూ రోజూ కొన్ని మాటలు నేర్చుకునేవారు. బడి ముఖం చూడని కాసులమ్మ ఒక్కో మాటనూ నోట్లో పుక్కిలించి, నాలుగుసార్లు అని, పక్కింటివాళ్ళకు వినిపించి వచ్చేది. ఆ పాఠాల్లోనే ఒకరోజు తల్లి సంద్రం అన్నది.

“సంద్రం అనకూడదమ్మా,” అంది గంగాభవాని. “చముద్రం అనాలి.”

“చముద్రం,” అంది కాసులమ్మ, పొద్దున్నే గంపకు నమస్కారం పెట్టినంత శ్రద్ధగా.

అలాగే అత్త అన్న మాట అస్త అయింది. కాసులమ్మ దానికి కొంచెం జంకింది. అత్త ఎదురుగా కూర్చుని ఉన్నది మరి. ముసలి గంగాభవాని కూర్చున్నచోటి నుంచే ఇదంతా వింటూ ఉండేది. సెలవులు ముగిసి పిల్ల బయలుదేరే ఉదయాన, దగ్గరకు పిలిచి, మళ్ళీ ఎప్పుడు వత్తావే అని అడిగింది. దసరా సెలవులకు వస్తాను మామ్మా, అప్పటిదాకా ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి అని పిల్ల పుస్తకంలోని వాక్యంలా జవాబు చెప్పింది. ముసలామె ఆ ముఖాన్ని కాసేపు పరికించింది.

“ఎవులమ్మా నువ్వు?” అని అడిగింది.

వేళాకోళమని అందరూ నవ్వారు. చూపు మందగించిందని పోతురాజు అన్నాడు. గంగాభవాని కూడా నవ్వి, బ్యాగు ఎత్తుకుని ఆటో ఎక్కింది.

తొమ్మిదో తరగతిలో నవంబరు నెలలో వక్తృత్వ పోటీ పెట్టారు. తెలుగు చెప్పే దీనా టీచర్ ఆమె రాసిన వ్యాసం చదివి పేరు ఇచ్చింది. మా ఊరు అన్నది విషయం. ప్రసంగం కంఠస్థం చేసి, అద్దం ముందు ఇరవైసార్లు చెప్పుకుని వేదిక ఎక్కింది. మొదటి వాక్యంలోనే, మూడువందలమంది పిల్లల ఎదుట, మైకులో, “మా ఊరు చముద్రం ఒడ్డున ఉన్నది,” అన్నది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఆ మీదట ఘొల్లుమన్నది. నవ్వు ఎందుకో తెలియక ఆమె తరువాతి వాక్యానికి వెళ్ళింది. అందులోనూ అదే మాట ఉన్నది. మూడో వాక్యం చెప్పలేదు.

సాయంత్రం దీనా టీచర్ ఆమెను స్టాఫ్ రూముకు పిలిచింది. నెమ్మదైన మనిషి, నక్కపల్లి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా అక్కడ పని చేస్తున్నది. ఆమె పిల్లను ఓదార్చలేదు. సముద్రం అన్న మాటలో నీ నోటికి వచ్చిన ‘స’యే సరైనది, నువ్వే దాన్ని నమ్మలేదు అని మాత్రం చెప్పింది. ఆ మాట మంచి మనసుతో అన్నది. కానీ పద్నాలుగేళ్ళ పిల్ల దానిని వేరుగా విన్నది. తన పాత నోరు తప్పనుకుని కొత్తది తయారుచేసుకున్నది. ఇప్పుడు కొత్తదీ తప్పే. ఏ ‘స’ మార్చాలో ఏ ‘స’ ఉంచాలో చెప్పే సూత్రం ఏదీ లేదు. అంటే నోరు తెరిచిన ప్రతిసారీ తప్పు దొర్లవచ్చు.

మర్నాటి నుంచి ఆమె మాట్లాడటం మానేసింది.

పంతంతో మానలేదు, అలవాటుగా మానింది. హాజరుకు చెయ్యి ఎత్తేది. ప్రశ్నకు జవాబు పలక మీద రాసే చిన్నపిల్లలాగా కాగితం మీద రాసి చూపేది. హాస్టల్లో తలూపితే పని జరిగిపోయేది. పిల్లలు కొన్నాళ్ళు చముద్రం అని పిలిచి, ఆమె ఉలకకపోవడంతో విసిగి వదిలేశారు. మార్కులు తగ్గలేదు గనుక ఎవరూ కంగారుపడలేదు. ఇంటికి వెళితే ఊఁ, ఉఁహుఁ. ఒక్క సంగతి మాత్రం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. తాను నేర్పిన మాట తప్పని తల్లికి చెప్పాలి. చెప్పాలంటే పోటీ సంగతి చెప్పాలి, నవ్వు సంగతి చెప్పాలి. ప్రతి సెలవుకూ చెబుదామనుకుని వెళ్ళేది. కాసులమ్మ మార్కెట్టుకు వచ్చే టీచర్లతోనూ బస్సు కండక్టరుతోనూ చముద్రం గురించి ధీమాగా మాట్లాడుతూ ఉండేది. పక్కన గంపలు పెట్టుకున్నవాళ్ళు నవ్వితే, మా బుజ్జి సెప్పింది, సదువుకున్నోళ్ళు అలాగే అంటారు అని వాళ్ళ నోరు మూయించేది.

పదో తరగతి శ్రావణమాసంలో ముసలి గంగాభవాని జబ్బుపడింది. పిల్ల వచ్చేసరికి మనిషి మంచానికి అంటుకుపోయి ఉన్నది. మంచం పక్కన రెండు రోజులు కూర్చుని, కాళ్ళు పట్టి, నోట్లో నీళ్ళు పోసింది. ముసలామె రెండుసార్లు కళ్ళు తెరిచి చూసింది. ఎవరో గుర్తుపట్టిందో లేదో తెలియదు. నేను బుజ్జిని మామ్మా అన్న ఒక్క మాట సరిపోయేది. అందులో మార్చవలసిన అక్షరం ఒక్కటి కూడా లేదు. ఆమె ఆ మాట కూడా అనలేదు. మూడోనాడు ఉదయం ముసలామె పోయింది.

కాసులమ్మకు భయం పట్టుకున్నది అప్పుడే. మామ్మ పోతే ఏడుపైనా పైకి రాని పిల్లను ఏమనుకోవాలి? ఎవరో ఏదో చేశారని ఒకరన్నారు, గాలి సోకిందని మరొకరన్నారు. పోతురాజు మాత్రం పిల్లను తెచ్చేద్దాం అన్నాడు. మాట పోగొట్టే చదువు మనకెందుకన్నాడు. కాసులమ్మ పండగ సెలవుల దాకా ఆగమన్నది. సెలవుల్లోనూ పిల్ల నోరు తెరవలేదు. జనవరి చివర బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందని కబురు రాగానే కాసులమ్మ నిశ్చయించుకున్నది. వెళ్ళి టీచర్లను అడుగుతుంది. సమాధానం దొరక్కపోతే పబ్లిక్ పరీక్షలున్నా సరే, ఆ సాయంత్రమే పిల్లను ఇంటికి తెచ్చేసుకుంటుంది. ఆ ముక్క ముందురోజు హాస్టలుకు ఫోను చేసి కూతురికే చెప్పింది. అవతల నుంచి ఊఁ అని వినబడింది.

సమావేశానికి కాసులమ్మ గంప లేకుండా వచ్చింది. నీలంరంగు చీర కట్టుకుని, తలకు నూనె రాసి, బెంచీ అంచున కూర్చున్నది. పదో తరగతి పిల్లలు గోడ వెంట నిలబడి ఉన్నారు. గంగాభవాని కిటికీ దగ్గర, పావని ఆమెకు రెండు అడుగుల దూరంలో. దీనా టీచర్ ఒక్కొక్క తల్లినీ తండ్రినీ పలకరించి, పిల్ల గురించి చెప్పమంటున్నది. కాసులమ్మ వంతు వచ్చింది. లేచి, కొంగు సర్దుకుని, తనకు తెలిసిన అతి శ్రేష్ఠమైన తెలుగులో, నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పుతున్నట్టు మాట్లాడింది.

“మేము చముద్రం మీద బతికేవాళ్ళమండీ. దీని పేరు గంగాభవాని. అది మా అస్త పేరండీ.”

ముందు ఎవరో పిల్ల కిసుక్కుమన్నది. తరువాత గోడ వెంట నవ్వు వరసగా పాకింది. వెనక బెంచీలో ఒక తండ్రి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసులమ్మ ఆగి, చుట్టూ చూసి, చీర ఎక్కడైనా జారిందేమోనని తడుముకున్నది. మళ్ళీ మొదలుపెట్టింది.

“మా అస్త పోయి ఆరు నెలలయింది. అప్పట్నుంచీ, అంతకు ముందు నుంచీ, పిల్ల మాట్లాడటం లేదు. దీనికి ఏమి కష్టమో మీరు చెప్పాలి.”

గంగాభవాని కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉన్నది. తల్లి నోట తన పేరు వినడం ఆమెకు పుట్టిన తరువాత ఇదే మొదటిసారి. పదిహేనేళ్ళు నోటికి రానివ్వని పేరును తల్లి ఇవాళ పరాయి మనుషుల మధ్య బయటకు తీసింది. ఆ పేరే గల మామ్మను అస్త అంటూ, ఏ నేలమీదా ఎవరూ పిలవని పిలుపుతో పిలిచింది. ఆ పిలుపు తాను నేర్పినది. ఈ నవ్వు పద్నాలుగు నెలల కిందట వేదిక మీద తన దగ్గర మొదలై, దారి తప్పి, తల్లి దగ్గరకు చేరింది. మౌనంగా ఉంటే తనకు ఏ హానీ లేదు. తల్లి కూర్చుంటుంది, సమాధానం దొరకదు, సాయంత్రం ఇద్దరూ ఆటో ఎక్కుతారు. ఊళ్ళో ఎవరూ నవ్వరు. ఆ సుఖం ఎంత దగ్గరలో ఉన్నదో ఆమెకు స్పష్టంగా కనబడింది.

“టీచర్,” అన్నది.

గొంతు బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. పావని తల తిప్పి చూసింది.

“ఆ మాట మాయమ్మది కాదు టీచర్. నాది. నేనే తప్పు నేర్పేను.” ఊపిరి తీసుకున్నది. “మాయమ్మ సంద్రం అంటాది. అత్త అంటాది. నేను తప్పని సెప్పేను. మాయమ్మ నన్ను నమ్మింది.”

సెప్పేను అన్నప్పుడు ఆమెకు తెలుసు. నోటి దాకా వచ్చిన ‘స’ను ఈసారి ఆపలేదు, మార్చలేదు. అది ధైర్యమని అనడానికి లేదు. వెతుక్కునే వ్యవధి లేకపోయింది. నవ్వు ఆగింది. ఆగిన నవ్వులో పశ్చాత్తాపం ఉందని కూడా చెప్పలేం; పద్నాలుగు నెలలుగా మాట్లాడని పిల్ల మాట్లాడిందన్న ఆశ్చర్యమే ఎక్కువ.

దీనా టీచర్ రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచింది.

“కూకోమ్మా,” అన్నది కాసులమ్మతో.

ఇరవై ఏళ్ళుగా ఆ తరగతి గదుల్లో కూర్చోండి తప్ప మరో మాట అనని మనిషి. అన్నాక తనకే వినబడినట్టు ఒక్క క్షణం ఆగి, తరువాతి పేరు పిలిచింది.

సమావేశం అయ్యాక తల్లీకూతుళ్ళు ఆటోల వైపు నడిచారు. మార్కెట్టు మీదుగా బెల్లం వాసన వస్తున్నది. కాసులమ్మ పెద్ద అంగలతో ముందు నడిచింది. అచ్యుతాపురం మీదుగా వెళ్ళే ఆటో ఆగి ఉన్నచోట నిలబడి, కూతురి వైపు చూడకుండా అడిగింది.

“అయితే చముద్రం తప్పేటి?”

“తప్పేనమ్మా. సముద్రం అనాల. సంద్రం అన్నా తప్పు లేదు.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“నిరుడు కార్తీకంలో.”

కాసులమ్మ లెక్క కట్టుకున్నట్టు నోట్లోనే నెలలు అనుకున్నది.

“అయితే అన్నాళ్ళూ నేను ఊరందరి కాడా అదే అంటంటే వింటా కూకున్నావేటే?”

“సిగ్గేసిందమ్మా.”

“నీకు సిగ్గేత్తే నన్ను నవ్వులపాలు సేత్తావేటి? మాటాడితే పోయేది గదే.” ఆమె కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకున్నది. “ముసల్ది ఎన్ని సార్లు అడిగిందో ఎరుగుదువా? బుజ్జి ఏటంటంది, బుజ్జి ఏటంటంది అని. ఏటని సెప్పను దానికి?”

గంగాభవాని తానూ ఎక్కడానికి ఆటో కడ్డీ పట్టుకున్నది. డ్రైవరు పూడిమడక, పూడిమడక అని కేకవేస్తున్నాడు. కాసులమ్మ ఒక కాలు ఆటోలో పెట్టి, వెనక్కి తిరిగింది.

“నువ్వెక్కడికి? పరీచ్చలున్నాయి గదా. ఎల్లు.” ఆ తరువాత, సర్దుకుని కూర్చున్నాక, ఇంకొక మాట అన్నది. “తప్పయితే తప్పయ్యింది. నువ్వు నాకు నేర్పిన మాట అదే గదా. నాకాడ ఉండనీ.”

ఆ రోజుతో గంగాభవాని వాచాలురాలు కాలేదు. పదో తరగతి తరువాత మాట్లాడవలసినంత మాట్లాడుతూ, ఇంటరూ డిప్లొమా ముగించి, ఇప్పుడు ఇరవైమూడేళ్ళ వయసులో సొంత ఊరి సచివాలయంలో మత్స్యశాఖ సహాయకురాలిగా పని చేస్తున్నది. పెద్ద ఉద్యోగం కాదు. పడవల వివరాలు రాయడం, దరఖాస్తులు నింపడం, వాతావరణ హెచ్చరిక వస్తే ఊరికి చేరవేయడం. హెచ్చరిక కాగితంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండును, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు అని ఉంటుంది. దాన్ని మైకులో ఉన్నది ఉన్నట్టు ఒకసారి చదువుతుంది. స లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. కాగితం కింద పెట్టి రెండోసారి తన మాటగా చెబుతుంది. “సంద్రం బాగోలేదు. రేపు ఎవులూ ఏటకి ఎల్లొద్దు.” రెండింటిలో ఏది తన గొంతని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర సిద్ధంగా సమాధానం ఉండదు. రెండూ తనవే అని చెప్పడం తేలిక. ఒక్కోరోజు రెండూ పరాయివిగా వినబడతాయని కూడా ఆమెకు తెలుసు. మామ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ ఆమె పూర్తిగా జవాబు చెప్పుకోలేదు. మొదటిసారి విన్నప్పుడు నవ్వినందుకు మాత్రం ఎవరితోనూ చెప్పకుండా బాధపడుతుంది.

మొన్న వాయుగుండం వచ్చినప్పుడు ఆమె మైకులో రెండుసార్లూ చెప్పి, ఒడ్డుకు వెళ్ళింది. గాలికి ఇసుక లేస్తున్నది. కాసులమ్మ ఆరబెట్టిన సన్నటి నెత్తళ్ళ చేపలను గబగబా గంపలోకి ఎత్తుతూ, పడవ దగ్గర తచ్చాడుతున్న ఇద్దరు కుర్రాళ్ళను గదమాయిస్తున్నది.

“ఇనపడలేదేట్రా? చముద్రం బాగోలేదంట. మా బుజ్జి సెప్పింది.”

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే పడవను పైకి లాగడం మొదలుపెట్టారు. గంగాభవాని ఏమీ సరిదిద్దలేదు. వంగి గంప రెండో అంచు పట్టుకున్నది.